ఐదో నంబరు పడవపై నేను రాసిన ఫిర్యాదు

మా సంఘానికి ఎనిమిది పడవలు ఉండేవి. ఎనిమిదీ ఒకే నమూనా. పద్నాలుగు అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, ఒక తెరచాప, ఒక చుక్కాని. తెరచాప మీద నల్లరంగుతో కొంగ బొమ్మ, దాని కింద నంబరు. అందుకని కళింగపట్నంలో వాటిని కొంగ పడవలనేవారు. నాది మూడో నంబరు. ఐదో నంబరు మా బావది, అంటే నా భార్యకు స్వయానా అన్నగారిది.

ఆ ఏడాది పందేల గురించి ఇన్నాళ్లకు రాయడానికి కారణం ఉంది. నేను జీవితమంతా మూఢనమ్మకాల మీద రాశాను, మాట్లాడాను. జాతకాలు రాసేవాళ్లను, ముహూర్తాలు పెట్టేవాళ్లను వేదికలెక్కి నిలదీశాను. నా మీద మాత్రం ఎవరూ వేయని అభియోగం ఒకటి మిగిలిపోయింది. అది నేనే వేసుకోవాలి. అరవయ్యో దశకం చివర ఒక ఏడాది పొడుగునా నేను ఒక మనిషిని చూసి ఓర్వలేకపోయాను. ఆ ఓర్వలేనితనానికి హేతువాదం అని పేరు పెట్టుకున్నాను.

అప్పట్లో నేను శ్రీకాకుళంలో హైస్కూలు మాస్టారిని. సోషల్ చెప్పేవాణ్ణి. మా అత్తవారిది కళింగపట్నం. శనివారం మధ్యాహ్నం బడి వదలగానే నేనూ నా భార్యా బస్సెక్కి అక్కడికి చేరేవాళ్లం. సోమవారం మొదటి బస్సుకు తిరిగొచ్చేవాళ్లం. బావ ఆ ఊళ్లోనే చిన్నబడిలో టీచరు. నాకంటే నాలుగేళ్లు పెద్ద, నాకంటే తక్కువ చదివినవాడు. ఈ రెండో సంగతి నేను అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతుండేవాణ్ణి.

సంఘం పెట్టింది మిషన్ ఆసుపత్రి డాక్టరుగారు. మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆయనకు తెరచాప పడవలు నడపడం అలవాటయింది. వంశధార సముద్రంలో కలిసే చోట, ఇసక తిన్నెకు లోపలి వైపున, విశాలంగా పరుచుకున్న నీళ్లను చూసి ఆయనకు ఆ సరదా మళ్లీ పుట్టింది. ఒక నమూనా పటం తెప్పించారు. ఇంగ్లీషు వచ్చినవాళ్లనూ రానివాళ్లనూ ఎనిమిదిమందిని పోగుచేశారు. వానాకాలం నాలుగు నెలలూ ఎవరి పడవ వాళ్లం, ఊళ్లో పడవలు కట్టే ముసలి వడ్రంగి చెప్పినట్టు కట్టుకున్నాం. ఆయన్ని అందరం తాత అనేవాళ్లం.

ఒకే కొలత పడవలంటే ఏమిటో మొదటి సమావేశంలో డాక్టరుగారు వివరిస్తుంటే నాకు వేదిక మీద నిలబడ్డంత ఉత్సాహం వచ్చింది. డబ్బున్నవాడు పెద్ద పడవ కట్టి గెలవడానికి లేదు. పుట్టుక లేదు, ఆస్తి లేదు, పలుకుబడి లేదు. అందరికీ ఒకే చెక్క, ఒకే గుడ్డ, ఒకే గాలి. గెలిస్తే నేర్పు, ఓడితే నేర్పు లేకపోవడం. సమాజం ఎలా ఉండాలని నేను ఊరూరా అరిచానో ఆ సమాజం ఎనిమిది పడవల్లో నాకు కనబడింది. నియమాలు రాసే పని నేనే అడిగి తీసుకున్నాను. పడవ కొలత తప్పిందని రుజువైతే ఆ ఏడాది ఫలితాలన్నీ రద్దు, పడవను తిరిగి కట్టేదాకా సంఘంలో చోటు లేదు. ఫిర్యాదు చేసినవాడు సంతకం పెట్టి చెయ్యాలి, వాడి పడవనూ కొలవాలి. ఇలా పదకొండు నియమాలు రాశాను. అందరూ చప్పట్లు కొట్టారు. బావ కూడా కొట్టాడు.

ఆ సమావేశంలోనే తాత లేచి ఒక మాట చెప్పాడు.

“బాబూ, అమావాస్యకి పడవలు ఒడ్డుకి రావాల. మా వేటోళ్లం అందరం లాగీస్తాం. బోర్లించి, కొబ్బరి పీసుతో రుద్ది, సొర సేప నూనె రాసి, అణియానికి పసుపూ కుంకం పెడతాం. మర్నాడు దించీస్తాం.”

అణియం అంటే పడవ ముందు మొన.

“ఎందుకు?” అన్నాను.

“గంగమ్మకి కోపం వస్తాది బాబూ.”

నాకు అంతకంటే ఏం కావాలి. ఇరవై నిమిషాలు మాట్లాడాను. చంద్రుడు కనబడని రోజుకూ చెక్కకూ ఉన్న సంబంధం ఏమిటన్నాను. ఉప్పునీటికి కోపతాపాలు అంటగట్టిన జాతి ఎలా బాగుపడుతుందన్నాను. గంగమ్మకు నిజంగా కోపమే ఉంటే బోర్లించిన పడవ మీద చూపిస్తుందా, నీళ్లలో ఉన్న పడవ మీద చూపిస్తుందా అని తాతను ఎదురు ప్రశ్న వేశాను. తాత తల గోక్కున్నాడు. జనం నవ్వారు. నేను గెలిచాననుకున్నాను.

డాక్టరుగారు మెల్లగా అన్నారు: “నేను బొట్టు పెట్టను మాస్టారూ. కానీ పడవ లాగుతాను. ఆ రోజు వేట ఉండదు, సాయానికి పదిమంది దొరుకుతారు.”

“అంటే సగం లొంగినట్టే గదండీ,” అన్నాను.

“నువ్వు ఆ రోజు ఇక్కడ ఉండవు గదా బావా,” అన్నాడు మా బావ. “నీ పడవ నాను లాగిస్తాలే. బొట్టు పెట్టించను. సరేనా?”

“అమావాస్య నాడు నా పడవను ఎవరూ ముట్టుకోడానికి వీల్లేదు. ఇది నా పడవ కాదు, నా సిద్ధాంతం,” అన్నాను. అన్న మాట కాగితం మీద రాసి డాక్టరుగారి చేతికిచ్చాను.

“ముట్టనులే,” అని బావ నవ్వాడు. ఆ నవ్వు నాకు అప్పుడే నచ్చలేదు.

నిజానికి ఆయనలో నాకు నచ్చనివి ఇవీ అని చెప్పడం కష్టం. మనిషి సన్నగా, నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. లుంగీ మోకాళ్ల పైకి కట్టి పడవలోకి దిగితే నీళ్లే ఆయన్ని ఎత్తి లోపల కూర్చోబెట్టినట్టుండేది. నేను ఎక్కితే పడవ మూడుసార్లు ఊగేది. ఆయన తెరచాప తాడును రెండు వేళ్ల మధ్య పట్టుకునేవాడు, బీడీ పట్టుకున్నట్టు. నేను డాక్టరుగారి పుస్తకం చదివి, తాడును ఎన్ని చుట్లు చుట్టాలో రాసుకుని, అలాగే చుట్టేవాణ్ణి. ఆయనకు గాలి పేర్లు తెలియవు. నైరుతి, ఈశాన్యం అంటే నోరు తెరిచి వినేవాడు. విని, “మెడ మీద సల్లగా తగిలితే తిప్పీడమే గదా,” అనేవాడు.

కార్తీకం దాటి సముద్రం కుదురుకున్నాక మొదటి పందెం పెట్టారు. నూనె పీపాలకు మూతలు బిగించి మూడుచోట్ల నీళ్లలో వదిలారు. వాటిని చుట్టి రావాలి. డాక్టరుగారి ఈల వినబడగానే ఎనిమిది కొంగలూ ఒక్కసారి మెడలు వంచాయి. ఆ రోజు నేను బాగా నడిపాను. ఇప్పటికీ ఒంట్లో ఉంది ఆ అనుభవం. చివరి పీపా తిరిగేసరికి నా ముందు ఒక్క తెరచాపే ఉంది, దాని మీద ఐదు. పడవ నిడివి తేడాతో ఆయన ముందు చేరాడు. ఒడ్డున గుంటలు, అంటే ఊరి పిల్లలు, ఐదో నంబరంటూ గెంతారు.

“బాగా తోలినావు బావా,” అని ఆయన నా వీపు చరిచాడు. “ఇంకో నాలుగు పందేలున్నాయి. ఒకట్లో కొట్టీస్తావు నన్ను.”

ఆ రాత్రి అత్తవారింట్లో పులుసులోని కోనాం చేప తలకాయను మా అత్తగారు కొడుకు కంచంలో వేశారు. నేను అల్లుణ్ణి. ఆ తలకాయ మామూలుగా నాకు వేసేవారు. ఆమె మరిచిపోయి వేశారేమో, నేను మాత్రం మరిచిపోలేదు.

సంక్రాంతి వెళ్లాక రెండో పందెం. నేను మూడోవాణ్ణి. ఆయన మొదట. ఫిబ్రవరిలో మూడోది. నేను ఐదు. ఆయన మొదట. ఈసారి ఆయన పడవ నిడివి తేడాతో గెలవలేదు. చివరి పీపా చుట్టి ఒడ్డుకు చేరి, లుంగీ పిండుకుని, బీడీ ముట్టించుకుంటున్నాడు. అప్పటికి నేను రెండో పీపా దగ్గర ఉన్నాను.

ఇంటికి వెళ్లాక నా భార్య తువ్వాలు అందిస్తూ అడిగింది: “ఏటండీ, పడవ బరువుగా ఉన్నాదా?”

“పడవలన్నీ ఒకే బరువు. అదే కదా సంఘం,” అన్నాను.

“మరి అన్నియ్య అంత జోరుగా ఎలా ఎల్లిపోతన్నాడు?”

ఆమె మామూలుగానే అడిగింది. అయినా అన్నియ్య అనేటప్పుడు ఆమె గొంతులో వచ్చే మెరుపు ఎప్పుడైనా నా పేరుకు వచ్చిందా అని ఆ రాత్రంతా తూకం వేస్తూ పడుకున్నాను. నా వ్యాసం పత్రికలో అచ్చయినప్పుడు కూడా రాలేదని తేల్చుకున్నాను.

మార్చి మొదట్లో పందెం కాకుండా ఒక విహారం పెట్టారు. నది మీదుగా పైకి, శాలిహుండం కొండ దాకా వెళ్లి, అక్కడ వండుకు తిని, సాయంత్రానికి తిరిగి రావాలి. అది పందెం కాదు. ఎవరు ముందు చేరినా లెక్క లేదు. కొండ మీద బౌద్ధుల శిథిలాలు ఉన్నాయి. అక్కడ పదిమందికీ బుద్ధుడి గురించి, యజ్ఞాలను ఆయన ప్రశ్నించిన తీరు గురించి చెప్పాలని ముందు రోజే నోట్సు రాసుకున్నాను. అది నా చోటు. అక్కడ నన్ను దాటేవాడు లేడు.

సముద్రపు గాలి వెనక నుంచి తోస్తోంది. ఏడు పడవలూ పిట్టల్లా వెళ్లిపోయాయి. నాది మాత్రం అడుగున ఎవరో పట్టుకు లాగుతున్నట్టు కదిలింది. ఒకచోట దిగి తోసి మళ్లీ ఎక్కబోతే మోకాలి కింద గీసుకుని రక్తం వచ్చింది. మేకు లేచిందనుకున్నాను. నేను చేరేసరికి అన్నం వార్చేశారు. కొండెక్కి దిగేశారు కూడా. మెట్ల దగ్గర బావ కూర్చుని చుట్టూ ఉన్నవాళ్లకు ఏదో చెబుతున్నాడు. దగ్గరికి వెళ్లి విన్నాను.

“ఇక్కడ సదువుకున్న సన్నాసులుండీవోరట. ఇంత ఎత్తు మీద ఎందుకున్నారంటే గాలి కోసం. నాకలా అనిపిస్తన్నాది. మా బావొస్తే సరిగ్గా సెప్తాడు.”

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. “ఇదిగో వచ్చినాడు. సెప్పు బావా, బుద్ధుడి సంగతి. నీ కోసమే ఆగినాం.”

వాళ్లు ఆగింది అన్నానికే గాని బుద్ధుడికి కాదు. గాలి కోసమన్న ఆ మాటకు జనం అప్పటికే నవ్వుకుని తృప్తి పడ్డారు. నేను నోట్సు జేబులోంచి తీయలేదు. తలనొప్పిగా ఉందన్నాను. ఆయన నా కంచంలో చేప ముక్కలు వేస్తూ, “ఎండ కొట్టీసుంటాది,” అన్నాడు. నేను ఆ మనిషిని ద్వేషించాను. చేప ముక్కలు తిన్నాను.

తిరిగి శ్రీకాకుళం వచ్చాక కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. వాదాలకు కూర్చున్నట్టే కూర్చున్నాను. మొదటి పందెంలో నాకూ ఆయనకూ తేడా ఒక పడవ నిడివి. మూడో పందెంలో సగం పందెం. మనిషి నేర్పు రెండు నెలల్లో అంత పెరగదు. పెరిగినా ఆయన ఒక్కడికే పెరిగి నాకు తగ్గదు. గాలి అందరికీ ఒకటే. కాబట్టి మారింది మనిషి కాదు, గాలి కాదు. పడవ మారింది.

ఇందులో ఎక్కడా తప్పు లేదు. ఇప్పుడు చదువుకున్నా తప్పు లేదు. పడవ మారిన మాట నిజం. ఏ పడవ అన్న ప్రశ్న మాత్రం నేను వేసుకోలేదు. వేసుకోవలసిన అవసరం నాకు కనబడలేదు, ఎందుకంటే జవాబు నాకు మొదటి పందెం నుంచీ కావాలి.

ఆ రాత్రే ఫిర్యాదు రాశాను. ఐదో నంబరు పడవ అడుగు చెక్కను సొంతదారు రహస్యంగా చిత్రిక పట్టి పలచన చేసి ఉంటాడనీ, అమావాస్య పూజ పేరుతో నెలనెలా పడవను ఒడ్డుకు లాగడం ఇందుకు ముసుగు అనీ, అమాయక జాలర్ల నమ్మకాన్ని అడ్డం పెట్టుకుని చేసిన ఈ వంచనను సంఘం తేల్చాలనీ రాశాను. వంచన అన్న మాట కింద గీత గీశాను. నాకు ఆ వాక్యం మీద ఎంత ముచ్చట వేసిందంటే, గట్టిగా చదువుకున్నాను.

వంటింట్లోంచి నా భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఎవుల మీద?” అంది.

చెప్పాను.

“ఆ పడవ మా అన్నియ్య సేత్తో కట్టుకున్నాడు. మీరు రాసింది నిజమని తేలితే తిరిగి కట్టుకోడానికి ఆడి దగ్గరేటీ లేదు. అబద్ధమని తేలితే మనం ఆ ఇంటికెలా ఎల్లడం? ఏది తేలితే మీకు బాగుంటాది?”

“నిజం తేలితే బాగుంటుంది,” అన్నాను.

“అదే అడుగుతన్నాను,” అంది.

మర్నాడు ఫిర్యాదు పోస్టు చేశాను. ఏప్రిల్ మొదటి ఆదివారం కొలతలకు నిర్ణయించారు. నాలుగో పందెం మార్చి ఆఖర్లోనే అయిపోయింది, అందులో నేను ఎనిమిదోవాణ్ణి. ఇక మిగిలింది ఒక్క పందెం.

కొలతల రోజు ఒడ్డున ఊరు ఊరంతా ఉంది. డాక్టరుగారు స్టీలు టేపు తెచ్చారు. పడవ ఒంపుకు సరిపోయేలా చెక్కతో కోసిన అచ్చులు తాత దగ్గర ఉన్నాయి. ఉప్పు కొఠార్ల నుంచి పెద్ద కాటా తెచ్చి కర్రలకు వేలాడదీశారు. ఫిర్యాదులో ఏముందో డాక్టరుగారు ఎవరికీ చదవలేదు. కొలత మీద సందేహం వచ్చింది, నియమం ప్రకారం ఐదునూ మూడునూ కొలుస్తామని మాత్రం అన్నారు. కొలిచేదాకా ఎవరి పరువూ పోకూడదని ఆయన ఉద్దేశం.

బావ పంచె బిగించి వచ్చాడు. “కొలండి డాక్టరుగారూ. నాకూ తెలుస్తాది ఎంత సక్కగా కట్టినానో.”

ఐదో నంబరును బోర్లించారు. నూనె పట్టి, నల్లగా, నున్నగా మెరుస్తోంది. అణియం మీద పసుపు మరక. అచ్చులు పెట్టారు, వెంట్రుక దూరలేదు. చెక్క మందం నాలుగుచోట్ల చూశారు. సరిపోయింది. తూకం వేశారు. నియమం చెప్పిన బరువుకు కొంచెం ఎక్కువే ఉంది.

“బరువు ఎక్కువే,” అన్నారు డాక్టరుగారు.

“మామిడి సెక్క గదండీ, మొద్దు సెక్క,” అన్నాడు బావ, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

ఇప్పుడు మూడో నంబరు. కట్టిన రోజు నీళ్లలోకి దించాక అది ఒడ్డెక్కడం ఇదే మొదటిసారి. ఆరుగురు పట్టి లాగారు, రాలేదు. ఇంకో నలుగురు వచ్చారు. ఇసక మీద ఈడ్చి, కర్రలు పెట్టి, ఒక్క ఊపున బోర్లించారు.

నా పడవ అడుగున చెక్క కనబడలేదు. అణియం నుంచి చివరి దాకా తెల్లటి గుల్లలు, వేలెడు మందాన, ఒకదాని మీద ఒకటి. వాటి మధ్య పచ్చటి పాచి జుట్టులా వేలాడుతోంది. ఒకచోట చిన్న పీత బయటికొచ్చి, ఎండకు బెదిరి మళ్లీ లోపలికి పోయింది.

“ఇది పడవేటి,” అన్నాడు తాత నెమ్మదిగా. “గుల్లల మడి.”

అప్పుడు నవ్వు మొదలైంది. ఒడ్డు పొడుగునా పాకింది. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. బావ నవ్వలేదు.

నేను తాత మీద విరుచుకుపడ్డాను. “ఇలా పడుతుందని నాకెందుకు చెప్పలేదు?”

“సెప్పినాను గదా బాబూ. అమావాస్యకి లాగమని సెప్పినాను.”

“గంగమ్మ కోపమన్నావు. గుల్లలని అన్నావా?”

తాత నా వైపు వింతగా చూశాడు. “ఇదే గదా బాబూ కోపం. మరేటనుకున్నారు?”

ఎందుకు అని నేను మొదటి సమావేశంలో ఒక్కసారే అడిగాను. ఆయన తన దగ్గరున్న మాటతో జవాబిచ్చాడు. కోపం వస్తే ఏమవుతుంది తాతా అని ఇంకొక్క ప్రశ్న వేసి ఉంటే, గుల్లలు పడతాయి, చెక్క నీరు తాగుతుంది, పడవ నడవదు అని విప్పి చెప్పేవాడు. రెండో ప్రశ్న అడగనివాడు హేతువాది కాడు, ఉపన్యాసకుడు. నేను ఇరవై నిమిషాల ఉపన్యాసం ఇచ్చాను. పసుపు కుంకుమల గురించి నేనన్నది ఇప్పటికీ వెనక్కి తీసుకోను. పీచుతో రుద్దడం గురించి ఏమీ అనకుండా, రెండింటినీ కలిపి పారేయడం నా తెలివితక్కువ.

“నాను లాగిస్తానంటే నువ్వే వద్దన్నావు బావా,” అన్నాడు బావ నా చెవి దగ్గర. “కాయితం రాసిచ్చినావు. పోనీలే అని ఓసారి లాగి సూద్దామనుకున్నాను. ముట్టద్దన్నావు గదా అని ఊరుకున్నాను.”

అంటే ఆయనకు తెలుసు. నాలుగు నెలలు తెలుసు. నా సిద్ధాంతాన్ని ఎనిమిదిమందిలో గౌరవించింది ఆయనొక్కడే. అందుకు కూడా నాకు ఒళ్లు మండింది.

డాక్టరుగారు సంఘం పుస్తకం తెరిచారు. “ఫిర్యాదు సంగతి ఏం రాయమంటారు?” అని అందరినీ అడిగారు.

“ఏటి రాస్తారండీ,” అన్నాడు బావ. “ఏడాదికోసారి పడవలు కొలవాలని మా బావ సెప్పినాడు. కొలిసినాం, అన్నీ బాగున్నాయి అని రాసీండి.”

అందరూ తలలూపారు. నాకు గుండె తేలికైంది. రెండు ఊపిర్ల సేపు నేను ఆ మాటను పట్టుకుని ఒడ్డెక్కాను. తరువాత ఆయన ముఖం చూశాను. ఆ ముఖంలో ఎక్కడా శ్రమ లేదు. తెరచాప తాడును రెండు వేళ్లతో పట్టుకున్నట్టే నా పరువునూ పట్టుకుని నిలబడ్డాడు. పందేల్లో గెలిచాడు, కొండ మీద గెలిచాడు, ఇప్పుడు ఇక్కడా గెలవబోతున్నాడు.

“వద్దు,” అన్నాను. “నా ఫిర్యాదు ఉన్నదున్నట్టు చదివి పుస్తకంలో ఎక్కించండి.”

“మాస్టారూ, అవసరం లేదు,” అన్నారు డాక్టరుగారు.

“నియమం రాసింది నేను.”

ఈ సంగతి తరువాతి కాలంలో ఒకరిద్దరికి చెప్పాను. సత్యం కోసం నా తప్పును నేనే రికార్డు చేయించానని చెప్పాను. వాళ్లు మెచ్చుకున్నారు. కాదు. ఆయన దయ మీద బతకడం నాకు ఇష్టం లేకపోయింది, అంతే.

డాక్టరుగారు చదివారు. రహస్యంగా చిత్రిక పట్టడం అన్నచోట జనంలో సద్దు మణిగింది. పూజ ముసుగు అన్నచోట తాత తలెత్తాడు. వంచన అన్నచోట డాక్టరుగారి గొంతు ఆగి, మళ్లీ నడిచింది.

నేను బావ వైపు చూశాను. నా పడవ గుల్లలు గీకడానికి తాత దగ్గర కత్తి తీసుకుని అప్పటికే ఒక మూల మొదలుపెట్టాడు. చదువుతున్నంతసేపూ చెయ్యి ఆగిపోయి ఉంది.

“నాను కొలతే అనుకున్నాను,” అన్నాడు. “వంచనని రాసినావా బావా.”

ఆయన పుస్తకంలో సాక్షి సంతకం పెట్టాడు. అక్షరాలు గుండ్రంగా, చిన్నబడి పిల్లలకు నేర్పినట్టే ఉన్నాయి. కత్తిని ఇసకలో గుచ్చి ఇంటికి వెళ్లిపోయాడు.

ఆ గుల్లలు నేనొక్కణ్ణే గీకాను. సాయంత్రం దాకా పట్టింది. చేతులు కోసుకుపోయాయి. నా భార్య మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది. జరిగింది ఆమెకు ఎవరో చెప్పినట్టున్నారు.

“మీరు గెలిసినారా మరి?” అని మాత్రం అడిగింది. ఆ వారం ఆమె నాతో శ్రీకాకుళం రాలేదు.

చివరి పందెం మూడు వారాల తరువాత. ఐదో నంబరు రాలేదు. బావ దాన్ని ఒడ్డున బోర్లించి, దాని మీద కూర్చున్నాడు. చుట్టూ గుంటలు. నా పడవ అడుగుకు తాత సొర నూనె పట్టించాడు, బొట్టు లేకుండా. ఈల ఊదగానే అది చేతిలోంచి జారినట్టు వెళ్లింది. అన్ని నెలలూ నేను ఏం ఈడ్చుకు తిరిగానో అప్పుడు అర్థమైంది. మొదటి పీపా దగ్గరే అందరినీ దాటాను. ఆ తరువాత నా ముందు నీళ్లు తప్ప ఏమీ లేవు. ఎన్నడూ చూడని ఆ ఖాళీని చూసి సంతోషించవలసింది. నేను మాటిమాటికీ ఒడ్డు వైపు చూశాను, ఆయన చూస్తున్నాడా లేదా అని.

మొదట చేరాను. డాక్టరుగారు చెయ్యి కలిపారు. నాలుగైదు చప్పట్లు వినబడ్డాయి. గుంటలు మాత్రం ఐదో నంబరు దగ్గర్నుంచి కదల్లేదు. వాళ్లకు ఆయన తాటాకుతో చిన్న తెరచాప చేసి, గాలికి ఎలా తిప్పాలో చూపిస్తున్నాడు. ఓడిపోయినవాడైనా కాదు, పందెంలోనే లేనివాడు. అయినా ఆయన చుట్టూనే జనం.

నేను పడవ కట్టేసి ఆయన ముందుకు వెళ్లి నిలబడ్డాను. మూడు వారాలుగా కూడగట్టుకున్న క్షమాపణ నోటి దాకా వచ్చింది. ఆయన తాటాకు మీద నుంచి కళ్లెత్తాడు.

“రెండో పీపా దగ్గర తాడు ఆలస్యంగా వదిలినావు బావా,” అన్నాడు.

నిజమే. అక్కడ ఒక్క క్షణం తెరచాప అదిరింది. అది నాకు ఆ మలుపులోనే తెలిసింది. ఎవరూ చూడలేదనుకున్నాను.